పెండ్లి కాలేదన్న కాగితానికి తండ్రి ఒప్పుకోలు ఎందుకు?

కడప జిల్లా కలెక్టర్ గారికి, ఆర్డీఓలకు, తహసీల్దార్లకు, గ్రామ రెవెన్యూ అధికారులకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను ఈ జిల్లా బడుల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మా పాప జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. అక్కడే పనిచేస్తున్న కర్నూలు అబ్బాయిని ఇష్టపడి పెండ్లి చేసుకుంది. ఆ పెండ్లి జర్మనీ చట్టం ప్రకారం అక్కడి రిజిస్ట్రారు ముందు జరిగింది. మేమూ, మా వియ్యంకులూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాం. కాబట్టి ఇది కడుపు మండి రాస్తున్న ఉత్తరం కాదు. ఆ పెండ్లికి కావలసిన ఒక కాగితం కోసం మన ఆఫీసుల్లో తిరిగినప్పుడు నాకు తెలిసొచ్చిన సంగతి మీ ముందు పెట్టాలని రాస్తున్నాను. తండ్రి వెంట నడిస్తే తప్ప ఆ కాగితం బిడ్డ చేతికి రాదు. చట్టం తండ్రి అనుమతి అడగని చోట ఆఫీసు అడుగుతోంది. నేను నడిచినాను కాబట్టి మా పాప పని అయింది. నడవని తండ్రి కడుపున పుట్టిన పాప గతి ఏమిటన్నదే నా ప్రశ్న.

ఇంటికొచ్చి చేసుకోవచ్చు గదా అని చాలామంది నన్ను అడిగినారు. పెండ్లంటే ప్రొద్దుటూరు పోయి బంగారం, చీరలు తెచ్చుకోవడం, ఊరందరికీ అన్నం పెట్టుకోవడం. ఆ కోరిక మాకు మాత్రం లేదా? అయితే అబ్బాయి వాళ్లు క్రైస్తవులు, మేము హిందువులం. ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద చర్చిలో చేసుకోవచ్చు. పిల్లలు మాత్రం ఒకరి మతంలోకి ఇంకొకరు రాకుండా, ఇద్దరూ సమానంగా నిలబడి చేసుకోదలిచినారు. దానికి మన దేశంలో ఉన్నది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఆ చట్టం కింద నోటీసు ఇవ్వాలంటే ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో అంతకు ముందు ముప్పై రోజులు నివాసం ఉండాలి. నోటీసు గోడకు అంటించినాక అభ్యంతరాల కోసం ఇంకో ముప్పై రోజులు ఆగాలి. అంటే రెండు నెలలు. జర్మనీలో ఉద్యోగం చేసే పిల్లలకు అన్నాళ్లు ఒక్కసారిగా సెలవు ఎవరిస్తారు?

విదేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం 1969లో విదేశీ వివాహ చట్టం చేసినారు. ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే చాలు, మన రాయబార కార్యాలయంలో వివాహ అధికారిగా నియమితులైన వారి ముందు, ముగ్గురు సాక్షులతో పెండ్లి చేసుకోవచ్చు. అక్కడా నివాసం ముప్పై రోజులు, నోటీసు ముప్పై రోజులు ఉన్నాయి. అయితే అవి వాళ్లు బతుకుతున్న ఊళ్లోనే గడిచిపోతాయి కాబట్టి ఇబ్బంది లేదు. మంచి చట్టం అది. మా పిల్లలు మాత్రం అక్కడే కాపురం ఉండబోతున్నారు కాబట్టి అక్కడి రిజిస్ట్రారు ముందే చేసుకుందామనుకున్నారు. జర్మనీలో గుళ్లో జరిగినా చర్చిలో జరిగినా చట్టం దృష్టిలో అది పెండ్లి కాదు. స్టాండెసామ్ట్ అనే నమోదు కార్యాలయంలో జరిగిందే పెండ్లి.

ఆ నమోదు ఎందుకంత ముఖ్యమో మా పాప చెప్పేదాకా నాకూ తెలియదు. ఒకరికి ఆదాయం లేకపోతే రెండోవారి ఆరోగ్య బీమాలో చేరడానికి, పన్ను లెక్కకు, వీసాకు అన్నిటికీ అదే ఆధారం. 2023 జనవరి 1 నుంచి అక్కడ ఇంకో నిబంధన వచ్చింది. భార్యాభర్తల్లో ఒకరు స్పృహ లేని స్థితిలో ఆస్పత్రిలో ఉంటే, వైద్యం గురించి ఆరు నెలల వరకు నిర్ణయాలు తీసుకునే హక్కు రెండోవారికి ఉంటుంది. చట్టప్రకారం పెండ్లయిన వాళ్లకే ఆ హక్కు. ఎన్నేళ్లు కలిసి బతికినా పెండ్లి కాని జంటకు లేదు. కన్నవాళ్లం వేల మైళ్ల దూరంలో ఉన్నాం. ఆ దేశంలో మా పాపకు నా మనిషి అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ అబ్బాయి ఒక్కడే. ఈ మాట తెలిసినప్పటి నుంచి ఆ కాగితం కోసం నాకు నిద్ర పట్టలేదు.

ఇక అసలు సంగతి. జర్మనీ సివిల్ కోడ్ 1309వ సెక్షన్ ప్రకారం, అక్కడ పెండ్లి చేసుకునే విదేశీయులు తమ దేశ చట్టం ప్రకారం తమ పెండ్లికి ఏ ఆటంకమూ లేదని సొంత ప్రభుత్వం నుంచి ధ్రువపత్రం తేవాలి. మన దేశంలో అట్లాంటి పత్రం ఇచ్చే ఏర్పాటు లేదు. అందుకని మన పిల్లలు అక్కడి హైకోర్టు స్థాయి న్యాయస్థానం అధ్యక్షుడి దగ్గర మినహాయింపు పొందాలి. ఆ మినహాయింపు కోసం అడిగేవాటిలో ముఖ్యమైనది పెండ్లి కాలేదన్న ధ్రువపత్రం. దానితో పాటు పుట్టిన తేదీ సర్టిఫికెట్టు.

మొదట నోటరీ అఫిడవిట్ చేయించి పంపినాను. నోటరీది చెల్లదు, ప్రభుత్వ కార్యాలయం ఇచ్చినదే కావాలన్నారు. మండలాఫీసుకు పోయినాను. ఏ ఆఫీసో చెప్పను, ఒకరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. వీఆర్వో నన్ను మర్యాదగా కూర్చోబెట్టినాడు.

"పాప యాడుండాది సారూ?"

"జర్మనీలో నాయనా."

"అట్లయితే ఎట్ల సారూ, పాప రావల్ల గదా. పెండ్లి కాలేదని పాపే వచ్చి చెప్పల్ల."

తర్వాత గొంతు తగ్గించి, "మీకు ఇష్టమేనా సారూ ఈ పెండ్లి?" అన్నాడు. ఇష్టమే అన్నాను. "అబ్బాయి మనోళ్లేనా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ప్రభుత్వం అచ్చు వేయించిన ఏ రిజిస్టరులోనూ గడి లేదు. అయినా అది అడిగినాకనే పని ముందుకు కదిలింది. పక్కింటాయన, వీధి మొగదల అంగడాయన పంచనామా మీద సంతకాలు పెట్టినారు. ఫలానా వారి కుమార్తె ఇంతవరకు అవివాహితురాలని రాసినారు. దాని కింద "పై అమ్మాయి వివాహానికి తండ్రిగా నాకు అభ్యంతరం లేదు" అని నా చేత ఒక వాక్యం రాయించి, సంతకం పెట్టించినారు. ఆ వాక్యం సర్టిఫికెట్టులో కూడా చేరింది.

జర్మనీలో ఆ కాగితాన్ని ప్రమాణం చేసిన అనువాదకులు మాటమాటా తర్జుమా చేసినారు. రిజిస్ట్రారు మా పాపను అడిగినాడంట: మీకు ముప్పై ఏళ్లు దాటినాయి, మీ పెండ్లికి మీ తండ్రి అభ్యంతరం సంగతి ఇందులో ఎందుకుంది? రేపు ఆయన మనసు మార్చుకుంటే ఈ సర్టిఫికెట్టు చెల్లదా? పాప ఫోనులో ఈ మాట చెప్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. నా బిడ్డ మీద నాకున్న ప్రేమను ఆమె మీద అధికారంగా మార్చి, ప్రభుత్వ ముద్ర వేసి పరాయి దేశానికి పంపినాం గదా అనిపించింది.

పుట్టిన తేదీ సర్టిఫికెట్టుది ఇంకో కథ. పాప 1994లో అమ్మమ్మగారింట్లో పుట్టింది. అప్పట్లో పల్లెల్లో మంత్రసాని చేతి మీద పుట్టిన పిల్లల పేర్లు పంచాయతీలో రాయించిన ఇండ్లు తక్కువ. పదో తరగతి సర్టిఫికెట్టుతోనే అందరం నెట్టుకొచ్చినాం. 1969 జనన మరణాల నమోదు చట్టంలో ఆలస్యపు నమోదుకు దారి ఉంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023లో సవరణ వచ్చినాక ఆ అధికారం జిల్లా, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్లకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లకు వచ్చింది. ఆ ఉత్తర్వు తెచ్చుకున్నాం. ఇంటిపేరు దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. బడి రికార్డులో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. తల్లి పేరు ఒక కాగితంలో దేవి అని, ఇంకో కాగితంలో అమ్మ అని ముగిసింది. మన ఊళ్లో ఈ రెండూ ఒకే మనిషని చంటిబిడ్డకూ తెలుసు. జర్మనీ ఆఫీసుకు వాళ్లు ఇద్దరు ఆడవాళ్లు. మన సీమలో ఏ ఇంటి కాగితాలు తీసినా ఇదే తీరు కనిపిస్తుంది, ఇది మా ఒక్కరి ఇంటి సంగతి కాదు.

ఇంకొక విషయం విదేశాలకు పిల్లల్ని పంపిన తల్లిదండ్రులందరూ తెలుసుకోవాలి. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. అంటే మన విదేశాంగ శాఖ ఒక ముద్ర వేస్తే సభ్యదేశాల్లో ఆ కాగితం చెల్లుతుంది. అయితే మన చేరికకు జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి ఆ ముద్ర అక్కడ పనికిరాదు. జర్మనీ కోసమని చెప్పినా అపోస్టిల్ చేయిస్తామని డబ్బు అడిగే ఏజెంట్లు ఉన్నారు, ఇవ్వొద్దు. జర్మనీవాళ్లు తమ కాన్సులేటు ద్వారా ఒక వకీలును నియమించి, కాగితం ఇచ్చిన ఆఫీసుకే పంపి విచారించుకుంటారు. దానికి నెలలు పడుతుంది.

మాకు అక్కడే పెద్ద దెబ్బ తగిలింది. వకీలు వచ్చేటప్పటికి సంతకం పెట్టిన తహసీల్దారు బదిలీ అయినారు. సర్టిఫికెట్టు మీద ఆర్.సీ. నంబరు, అంటే ఆఫీసు రికార్డులో ఆ కాగితానికి వేసే నంబరు, లేదు. పంపిన కాగితాల రిజిస్టరులో దాని ఊసు లేదు, ఆఫీసు కాపీ దొరకలేదు. కొత్తగా వచ్చిన వాళ్లు "మాకు తెలియదు" అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, వాళ్లకు నిజంగానే తెలియదు. విచారణ మళ్లీ మొదలైంది. ఈలోగా ఇంకో ముడి పడింది. పెండ్లి కాలేదన్న పత్రం ఆరు నెలలకు మించి పాతదైతే అక్కడ తీసుకోరు. విచారణ ముగిసేలోపు పత్రానికి గడువు తీరిపోయింది. మళ్లీ మండలాఫీసు, మళ్లీ పంచనామా, మళ్లీ అదే పక్కింటాయన సంతకం. ఇవన్నీ నేను పింఛనుదారుణ్ణి కాబట్టి, నాలుగు అక్షరాలు తెలిసినవాణ్ణి కాబట్టి, అన్నిటికంటే పాప పక్షాన ఉన్నాను కాబట్టి చేయగలిగినాను.

మన ఉమ్మడి కడప జిల్లా అంటే విదేశం పోయేవాళ్ల జిల్లా. జర్మనీకి పోయినవాళ్లు కొందరే. రాజంపేట, కోడూరు, రాయచోటి పక్క ఏ ఊరికి పోయినా కువైట్‌లో మనిషి లేని ఇల్లు అరుదు. అక్కడి తిప్పలు ఇంకా పెద్దవి. గుళ్లో తాళి కట్టించుకుని, రిజిస్టర్ చేయించకుండా విమానం ఎక్కినవాళ్లు ఎందరో. కువైట్‌లో బిడ్డ పుడితే జనన ధ్రువపత్రానికి అమ్మానాన్నల పెండ్లి సర్టిఫికెట్టు చూపాలి. అది ఇక్కడ రిజిస్టర్ కావాలి, రాష్ట్ర స్థాయిలో అటెస్ట్ కావాలి, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆ దేశ ఎంబసీ ముద్ర పడాలి. మన రాష్ట్రంలో 2002లోనే వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు దేశమంతటా చేయమని చెప్పింది. అయినా పల్లెలో కొత్త జంటకు ఈ మాట చెప్పేవాళ్లు లేరు. పెండ్లి పత్రిక అచ్చయిన రోజే గ్రామ సచివాలయం వాళ్లు ఆ ఇంటికి పోయి, నమోదు చేయించుకోండి అని ఒక్క మాట చెప్తే అక్కడ పుట్టబోయే బిడ్డకు మేలు చేసినవాళ్లవుతారు.

ఇంత విచారణ ఆడపిల్లల మంచికే గదా అని ఒక అధికారి నాతో అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. ఇక్కడొక పెండ్లి, అక్కడొక పెండ్లి చేసుకుని ఆడపిల్లల గొంతు కోసినవాళ్లు ఉన్నారు. 2024లో లా కమిషన్ తన 287వ నివేదికలో ప్రవాస భారతీయుల పెండ్లిళ్లకు సమగ్ర చట్టం కావాలని, నమోదు తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది. నేను దాన్ని సమర్థిస్తాను. మొదటి పెండ్లి దాచి రెండో పెండ్లి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష ఉంది, అదీ సరైనదే. విచారించండి, ఇరుగుపొరుగును అడగండి, రికార్డులు వెతకండి. ఇంతకుముందు పెండ్లయిందా లేదా అన్నంత వరకే మీ విచారణ. ఇప్పుడు చేసుకోబోయే పెండ్లి ఎవరితో, ఆ పిల్లోడిది ఏ కులం, కన్నవాళ్లకు ఇష్టమా అన్నవి ఆ విచారణలోకి రావు. 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఇద్దరు మేజర్లు పెండ్లికి ఒప్పుకున్నాక కుటుంబం సమ్మతి గానీ, కులం సమ్మతి గానీ అక్కరలేదు. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా పంచనామా కాగితం మీదకు దిగలేదు.

మిమ్మల్ని అడిగేది మీ చేతిలో ఉన్నదే. అవివాహిత ధ్రువపత్రానికి జిల్లా అంతటా ఒకే నమూనా పెట్టండి. తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో ఉండాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తండ్రి పేరు గుర్తింపు కోసం రాయండి, ఆయన అభ్యంతరం ఉందా లేదా అన్న వాక్యం మాత్రం తీసేయండి. అర్జీ పెట్టుకునే హక్కు ఆ బిడ్డదే కావాలి. విదేశంలో ఉన్నవాళ్లు అక్కడి మన కాన్సులేటు అధికారి ముందు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వొచ్చు. 1948 నాటి చట్టం ఆ అధికారులకు నోటరీ చేసే పనులన్నీ చేసే అధికారం ఇచ్చింది. ఆ అఫిడవిట్ ఉంటే మనిషి విమానమెక్కి వచ్చి మీ ముందు నిలబడాల్సిన పని లేదు. వాళ్ల తరఫున స్నేహితుడో, మేనమామో, ఎవరైనా అధికారపత్రం పట్టుకొచ్చినా తీసుకోండి. తండ్రే రావాలని పట్టుపట్టొద్దు. ఇచ్చిన ప్రతి పత్రానికీ ఆర్.సీ. నంబరు వేసి, కాపీ ఆఫీసులో ఉంచండి. ఎన్నాళ్లలో ఇస్తారో గడువు పెట్టి బోర్డు మీద రాయండి, ఎందుకంటే విదేశంలో ఉన్న అర్జీదారులకు ప్రతి నెలా లెక్కే.

ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు అంటించే రిజిస్ట్రేషన్ ఆఫీసుల వారికి కూడా ఒక మనవి. ఆ బోర్డుకు సెల్‌ఫోను పట్టుకుని ఫొటోలు తీసి ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్లున్నారు. పిల్లల అడ్రసులు కులపెద్దల చేతుల్లోకి పోతున్నాయి. నోటీసు పెట్టమని చట్టం చెప్పింది, దాన్ని ఊరూరా తిప్పమని చెప్పలేదు. ఆ బోర్డు దగ్గర ఒక మనిషి కన్ను ఉంచండి.

పెండ్లయినాక వచ్చే చిక్కు కూడా చెప్పి ముగిస్తాను. జర్మనీ మ్యారేజ్ సర్టిఫికెట్టు చూపితే, అది మాకు తెలియదు, ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించుకు రండి అని ఒక ఆఫీసులో అన్నారు. ఒకసారి చట్టప్రకారం అయిన పెండ్లిని మళ్లీ ఎట్లా చేయిస్తాం? 1969 విదేశీ వివాహ చట్టం 27వ సెక్షన్, ఆ చట్టం కింద కాకుండా విదేశంలో వేరే విధంగా జరిగిన పెండ్లి చెల్లుబాటుకు ఈ చట్టం వల్ల ఏ భంగమూ లేదని చెప్తోంది. కావాలనుకుంటే 17వ సెక్షన్ కింద మన వివాహ అధికారి దగ్గర ఆ పెండ్లిని నమోదు కూడా చేయించుకోవచ్చు. ఈ రెండు సెక్షన్లు కింది స్థాయి సిబ్బందికి తెలిసేలా ఒక సర్క్యులర్ పంపితే చాలు.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఇప్పుడు జర్మనీలోనే ఉంది. తనతో పాటు పనిచేసే తెలుగబ్బాయిని చేసుకోవాలనుకుంటోంది. కులం వేరు. వాళ్ల నాయన ఫోను ఎత్తడం మానేసినాడు. ఆయనా నాకు తెలిసినవాడే, పోయి మాట్లాడినాను, ఇంకా మాట్లాడుతాను. ఆయన మనసు మారేదాకా ఆ అమ్మాయి ఆగాలని ఏ చట్టమూ చెప్పదు. కాన్సులేటులో ప్రమాణం చేసిన అఫిడవిట్టు, పాస్‌పోర్టు నకలు, నా పేరు మీద అధికారపత్రం పంపింది. అర్జీ మీ కార్యాలయాల్లో ఒకదానిలో పెట్టినాను. "నాయన సంతకం లేదు" అని దాన్ని పక్కన పెట్టినారు. కలెక్టర్ గారూ, అర్జీ నంబరు, రసీదు నా దగ్గర ఉన్నాయి. వచ్చే సోమవారం గ్రీవెన్సులో మిమ్మల్ని కలిసి ఇస్తాను. ఆ అమ్మాయికి పెండ్లయిందో లేదో విచారించి, కాలేదని తేలితే ఆ ఒక్క మాట రాసి సంతకం పెట్టించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
కడప జిల్లా